విధవరాలి పులిపిండి

నవంబరు 7, గురువారం

మరదలికి, దేవుని కృప నీ ఇంటి మీదా నీ ఓవెన్ మీదా నిలిచి ఉండాలని కోరుతూ నీ బావ రాస్తున్నది.

నీ మణికట్టు ఎలా ఉంది? పిండి బస్తాతో బేకరీ మెట్ల మీద జారావని తెలిసిన మర్నాడే మీ అక్కను బస్సెక్కించాను. కట్టు విప్పేదాకా, నలభై రోజులు, నీకు సాయంగా ఉంటానని చెప్పి వచ్చింది. నలభై మంచి లెక్క. జలప్రళయానికి వాన కురిసింది నలభై రోజులే. కొండ మీద రాతిపలకల కోసం కాచుకున్నదీ నలభై రోజులే. ముప్పై తొమ్మిదో రోజున ఎవరూ దిగి రాలేదు. మీ అక్క కూడా అంతే కదా, ముందే బయల్దేరదు కదా? ఊరికే అడిగాను.

ఇక్కడ అంతా క్షేమం. తాళాల కొట్టు నడుస్తోంది. మొన్న ఒకాయన చెవి పోయిందని తాళం మోసుకొచ్చాడు. పట్టుకుని లాగితే ఊడి వచ్చింది. అసలు వేసే లేదు. ఆ ముక్క మీద ఆదివారం ముప్పావుగంట ప్రసంగం చేయవచ్చు. చేస్తాను.

అసలు సంగతి ఇది. మా సంఘంలో ఒక విధవరాలు ఉంది. దిక్కులేనిది. ఈస్టు పొడి కొనే అలవాటు లేక, మీ అమ్మగారి పద్ధతిలోనే గాజు సీసాలో పిండీ నీళ్ళూ కలిపి, రొట్టె పొంగించే పులిపిండి కొత్తగా పెట్టుకుంది. పోయిన గురువారం కలిపింది. సరిగ్గా మూడో రోజున, ఆదివారం తెల్లారేసరికి, సీసా మూతిదాకా పొంగి నిలబడింది. సోమవారానికి కూలిపోయింది. అప్పటి నుంచి కదలదు, మెదలదు. పైన మడ్డి నీళ్ళు తేలి, విడిచిన మేజోళ్ళ వాసన వేస్తోంది. మూడో రోజున లేచినది మళ్ళీ పడుకోవడం నేను చదివిన లేఖనాల్లో ఎక్కడా లేదు. ఏం చేస్తే లేస్తుందో రాయి. నెలాఖరులోగా లేవాలి. అంటే, ఆమెకు అవసరం.

ఈ సంగతి మీ అక్క చెవిన వేయకు. సంఘంలో వాళ్ళ కష్టాలు ఊరంతా చాటడం నాకిష్టం ఉండదు. ఒకవేళ ఆవిడ తన పులిపిండి జాడీ ఎలా ఉందని అడిగితే, చాలా శుభ్రంగా ఉందని చెప్పు. అది అబద్ధం కాదు.

నీ క్షేమం కోసం మోకాళ్ళ మీద ఉన్న
బావ


నవంబరు 10, ఆదివారం

బావగారికి మీ మరదలు ఎడమ చేత్తో రాస్తున్నది. కోడి గీకినట్టుంటే కోడినే అనుకోండి.

కట్టు దురద తప్ప బాగానే ఉంది. అక్క రావడం నా అదృష్టం. తెల్లవారుజామునే లేచి వంద రొట్టెలకు పిండి కలుపుతోంది. కాకపోతే నా ఈస్టు పొట్లాలను చూసి రోజూ మూతి విరుస్తుంది. “అమ్మ ఇచ్చిన నీ వాటా పెళ్ళైన ఏడాదే చంపుకున్నావు, అందుకే నీ రొట్టెకు రుచి లేదు” అంటుంది. నిజమే. అమ్మ చేతిది ఇప్పుడు ప్రాణంతో ఉన్నది మీ ఇంట్లో ఆ ఒక్క జాడీలోనే. అడిగింది కూడా. శుభ్రంగా ఉందని మీరు రాసినట్టే చెప్పాను. “శుభ్రంగా ఉండటమేమిటి, పుల్లగా ఉండాలి గాని” అని ఊరుకుంది.

ఇక మీ విధవరాలి సంగతి. మొదట పొంగిందే, అది అసలు పొంగు కాదని చెప్పండి. పిండిలో అల్లరి మూక ఒకటి ముందే ఉంటుంది. నీళ్ళు తగలగానే అది గంతులేసి, మూడు రోజులకే సీసా దద్దరిల్లేలా చేస్తుంది. పులుపు ఎక్కేసరికి ఆ మూక చచ్చూరుకుంటుంది. తరవాత వారం, పది రోజులు శ్మశానంలా ఉంటుంది. చాలామంది అక్కడే విసుగొచ్చి పారేస్తారు. అసలు పొంగించేవి ఆ చప్పుడు లేనప్పుడే, అడుగున నెమ్మదిగా పెరుగుతాయి. హడావుడి చేసేది ఒకటి, పని చేసేది ఒకటి.

ఇవి అడిగి రాయండి. ఏ పిండి? ఏ నీళ్ళు? మందు వాసన వేసే కుళాయి నీళ్ళయితే రాత్రంతా నిలవ ఉంచి వాడాలి. సీసా చలిలో ఉందా? మూత బిగించిందా? రోజూ తప్పకుండా కొత్త పిండీ నీళ్ళూ వేసి మేపుతోందా? మేపే ముందు సగం తీసి పారేస్తోందా? ఈ ఆఖరిది ముఖ్యం. సగం పారేయకపోతే కొత్త పిండి చాలదు, పంక్తిలో జనం పెరిగి కూర చాలనట్టు.

ఇంతకీ ఎవరండీ ఆవిడ? మీ ఊళ్ళో పాత పద్ధతిలో పులియబెట్టేది అక్క ఒక్కతే అనుకున్నాను.

కుడి చెయ్యి ఆడని
మరదలు


నవంబరు 13, బుధవారం

మరదలికి బావ దీవెనలు.

ఇవాళ ఉపవాస దినం. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు నా కలం పదునెక్కుతుంది, కాబట్టి ముందే క్షమించు.

హడావుడి చేసేది ఒకటి, పని చేసేది ఒకటి అని రాశావు. చదివి చాలాసేపు ఆలోచించాను. ఆదివారం నా ప్రసంగాల గురించి మీ అక్క నీతో ఏమైనా అందా? గొంతెత్తి చెబుతానని నలుగురూ అనుకుంటారని నాకు తెలుసు. ప్రవక్తలు గొణగలేదు. వీధిలో నిలబడి అరిచారు. పులిపిండి గురించి అడిగితే మనిషి మీద మాట విసరడం ఏమి మర్యాద?

సరే, నీ ప్రశ్నలకు జవాబులు. పిండి మొదట మైదా. నీ ఉత్తరం అందాక పొట్టు తీయని గోధుమపిండికి మార్చాను, అంటే మార్పించాను. నీళ్ళు కుళాయివే, ఇప్పుడు రాత్రంతా బిందెలో నిలవ ఉంచినవి. మూత వదులు చేసి గుడ్డ కట్టించాను. చలి అంటావా, నేను ప్రసంగానికి కప్పుకునే శాలువా ఇచ్చి చుట్టబెట్టమన్నాను. అదే, మీ అక్క కొనిపెట్టిన నీలంది. ఉదయం ఒకసారి, సాయంత్రం కొట్టు కట్టాక ఒకసారి వెళ్ళి స్వయంగా వాసన చూస్తున్నాను. మేపడం మాట అడిగావు. రోజూ మేపుతోంది, ఏ రోజూ తప్పలేదు.

సగం పారేయడం మాత్రం కుదరదు. ఐదు రొట్టెలతో వేలమంది తిన్న రోజున కూడా ఆఖరున ముక్కలన్నీ ఏరి గంపల్లోకి ఎత్తమని ఆజ్ఞ అయింది. ఏదీ నష్టపోకూడదని. అలాంటిది మంచి పిండిని మురిక్కాలవలో పోయమంటావా? తీసిన సగాన్ని మరో గిన్నెలో పెట్టి దానినీ మేపిస్తున్నాను. దాని సగం ఇంకో గిన్నెలో. ఇప్పటికి తొమ్మిది గిన్నెలయ్యాయి. తొమ్మిదింటిలో ఒక్కటీ పొంగలేదు.

మా ఇంట్లో పిండి విలువ నీకు తెలియనిది కాదు. బుధ, శుక్రవారాలు మాకు ఉపవాసం. మనసు జారకుండా ఆ రెండు రోజులూ పిండిపెట్టెకు తాళం వేసి చెవిని దర్జీ పెద్దాయన కొట్లో మేకుకు తగిలించి వస్తాను. పెళ్ళైన ఏడాది మొదలుపెట్టాను, ముప్పై ఏళ్ళు దాటింది. మీ అక్క ఒక్క రోజు పల్లెత్తు మాట అనలేదు. అదీ నియమం అంటే.

విధవరాలు ఎవరని అడగకు. పిండి తొట్టి తరగకుండా దేవుడు కాపాడిన విధవరాలిని ప్రవక్త కూడా పేరు అడగలేదు.

ఆకలితో ఉన్నా ఆగ్రహంతో లేని
బావ


నవంబరు 16, శనివారం

బావగారికి నమస్కారాలు.

కొంప మునిగింది. నిన్న నేను కట్టు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళిన వేళ మీ ఉత్తరం వచ్చింది. కవరు మీద మీ చేతిరాత చూసి, తనకే అనుకుని అక్క విప్పేసింది. నేను తిరిగొచ్చేసరికి ఓవెన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ట్రేలో బన్నులు మాడి బొగ్గయ్యాయి. అక్క ఉన్న బేకరీలో బన్ను మాడటం నేను ఇదే చూడటం.

“ఆ విధవరాలి వయసెంత?” అంది.

“నాకేం తెలుసు అక్కా, సంఘంలో ఎవరో పేదరాలట,” అన్నాను.

“పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వెళ్తున్నాడు. నాకు జ్వరమొస్తే గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసి వెళ్ళే మనిషి. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి వాసన చూస్తున్నాడు. శాలువా కూడా కప్పాడు.”

“సీసాకు కప్పాడక్కా.”

“మొదట సీసాకే కప్పుతారు,” అంది.

దానికి జవాబు మీ దగ్గరుంటే పంపండి. నలభై రోజులని వచ్చిన మనిషి నాలుగు వందల రోజులైనా ఇక్కడే ఉంటానంటోంది. నవ్వుతూ అని ఉంటే నేనూ నవ్వేదాన్ని. బన్నుల మసి గీకుతూ అంది.

మీ ప్రసంగాల గురించి ఎవరూ నాతో ఏమీ అనలేదు బావగారూ. నేను సూక్ష్మజీవుల గురించే రాశాను. మిమ్మల్ని అనాలంటే మిమ్మల్నే అంటాను, నాకు ఉపమానాలెందుకు?

పులిపిండి మాటకొస్తే నాకూ అంతు చిక్కడం లేదు. మీరు చెప్పినవన్నీ సరిచేస్తే ఈపాటికి బుడగైనా రావాలి. ఎక్కడో ఏదో మీరు చెప్పనిది ఉంది. ఒక పని చేయండి. మొదటి రోజు నుంచి ఏ రోజు ఎంత పిండి వేశారో వారాలతో సహా వరసగా రాసి పంపండి. “రోజూ” అని రాయకండి. రోజు రోజుగా రాయండి.

గిన్నెలు తొమ్మిది అన్నారు. ఆ విధవరాలి ఇంట్లో అన్ని గిన్నెలెక్కడివి? తొమ్మిది గిన్నెలున్న పేదరాలిని నేనెక్కడా చూడలేదు.

అయోమయంలో ఉన్న
మరదలు


నవంబరు 19, మంగళవారం

మరదలికి.

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఐదోది పంపుతున్నాను. మీ అక్కకు చదివి వినిపించు. చదివేటప్పుడు ఆవిడ చేతిలో వేడి ట్రే లేకుండా చూడు.

విధవరాలు లేదు. ఆ గిన్నెలు మా ఇంటివి. సీసా మా ఇంటిది. దిక్కులేనిది నేను.

అక్టోబరు ఆఖరి ఆదివారం పాత పులిపిండిని తీసి పారవేయమన్న లేఖనం మీద ప్రసంగించాను. నాకు గురువులు లేరు, నీకు తెలుసు. తాళాలు ఎలా నేర్చుకున్నానో లేఖనమూ అలాగే నేర్చుకున్నాను, విప్పి చూసుకుని. పులిసినది పాపమనీ, ఇంటి మూలల్లో ఒక రవ్వ కూడా మిగలకూడదనీ గంటసేపు గర్జించాను. బెంచీలు అదిరాయి. అప్పుడు దర్జీ పెద్దాయన లేచాడు. ఆయన సూది నోట్లో పెట్టుకుని మాట్లాడే మనిషి.

“అయ్యా, ముప్పై ఏళ్ళ పాతది మీ ఇంట్లోనే ఉంది కదా. దాన్ని కూడానా, లేక మా ఇళ్ళలోవేనా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నా నెత్తికెక్కింది. అందరినీ వెంటబెట్టుకుని మా ఇంటి వంటగదిలోకి వెళ్ళాను. మీ అమ్మగారి జాడీ తీసి, వాళ్ళ కళ్ళముందే తూములో బోర్లించాను. కొంచెం అడుగున అంటుకుంటే గరిటెతో గీకి మరీ దులిపాను. ఆమెన్ అన్నారు. ఆ క్షణంలో నేను బలిపీఠాలు కూల్చిన వీరుణ్ణి.

బుధవారం ఉపవాసంలో ముందుకు చదువుకుంటూ పోతే ఇంకోచోట ఒక స్త్రీ కనబడింది. మూడు కుంచాల పిండిలో పులిపిండి దాచిపెట్టింది. పరలోక రాజ్యం దానిలా ఉంటుందట. పాపమన్నదాన్నే రాజ్యమన్నాడు. ఒకే గ్రంథం, ఒకే పులిపిండి. రెండు వైపులా వేలు పెట్టుకుని తెల్లవార్లూ చూశాను. మర్నాడే సీసాలో కొత్తది కలిపాను. ఆదివారం పొంగగానే, క్రితం వారం పాపమని పారబోసిన నోటితోనే, ఇదిగో రాజ్యం లేచిందని సాక్ష్యం చెప్పాను. దర్జీ మళ్ళీ లేచాడు. “అయ్యా, ఇంతకీ ఇది మంచిదా చెడ్డదా? ఇంటికెళ్ళి మా ఆవిడకు ఏమని చెప్పను?” నాకే తెలియదు, ఏమని చెబుతాను? సోమవారం అది కూలింది.

మీ అక్క వచ్చేలోగా ఇంకొకటి లేపి జాడీలో పోసి, ఏమీ జరగనట్టు ఉండాలనుకున్నాను. విధవరాలి మాట ఎందుకు వచ్చిందంటే, పిండి అనగానే నాకు లేఖనంలోని విధవరాలే గుర్తొస్తుంది. భార్య బతికి ఉండగా విధవరాలి పేరు చెప్పి దాక్కున్నాను. ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడికి కోడి కూసింది. నాకు నీ కోడిగీతల ఉత్తరమే కూత.

నువ్వు అడిగిన లెక్క:

గురువారం, కలిపాను. శుక్రవారం, ఉపవాసం. శనివారం, ఒక గరిటె. ఆదివారం, ఒక గరిటె, పొంగింది. సోమ, మంగళవారాలు, ఒక్కో గరిటె. బుధవారం, ఉపవాసం. గురువారం, ఒక గరిటె. శుక్రవారం, ఉపవాసం. ఆ తరవాత ఇవాళ్టిదాకా ఇదే వరస. ఒక్క రోజూ తప్పలేదు.

ఆవిడ ముందు నిలబడే మొహం లేని
బావ


నవంబరు 22, శుక్రవారం

బావగారికి.

ముందు అక్క సంగతి రాస్తాను, మీరు దానికోసమే చూస్తుంటారు.

పిండి జల్లెడ పడుతుండగా చదివి వినిపించాను. ఆపలేదు. మొత్తం విన్నాక, జల్లించిన పిండినే మళ్ళీ జల్లెడలో పోసి రెండోసారి పట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

“జాడీ కడిగాడా?”

ఎందుకడిగిందో నాకు తెలుసు. గోడలకు పొలుసులా ఎండినది కాస్త మిగిలి ఉన్నా చాలు, నీళ్ళు పోసి పిండి వేస్తే అమ్మది మళ్ళీ లేస్తుంది. ఎన్నేళ్ళ తరవాతైనా లేచినవి ఉన్నాయి. కాబట్టి నిజం రాయండి. మూత మెలికలో, జాడీ మెడ కింద, ఎక్కడైనా తెల్లటి పెచ్చు ఉందేమో చూడండి.

ఇక మీ లెక్క చదివి నేను నవ్వాలో ఏడవాలో తెలియక అద్దంలో చూసుకున్నాను. బావగారూ, పులిపిండి చేత ఉపవాసం చేయించారా? వారానికి రెండు రోజులు? అది అసలే పసిది. చంటిపిల్లలకు ఉపవాసం ఉందా మీ గ్రంథంలో? తిండి లేని రోజున అడుగున పెరిగేవి సగం చస్తాయి. మర్నాడు మీరు గరిటెడు వేస్తే ఆ మిగిలినవి లేవబోతాయి. లేచేలోపు మళ్ళీ శుక్రవారం. ఒక్క రోజూ తప్పలేదని రాశారు చూడండి, నిజంగానే నమ్మి రాశారు. అక్కడే నాకు మీ మీద కోపం పోయింది.

కానీ నాకు అర్థం కానిది ఒకటుంది. పిండిపెట్టెకు తాళం ముప్పై ఏళ్ళుగా పడుతోంది. మరి అక్క జాడీ ముప్పై ఏళ్ళు ఎలా బతికింది? అక్కనే అడిగాను. “నీకెందుకే” అంది.

ఇంకొక్క మాట. సగం పారేయడానికి మీకు చేతులు రావడం లేదు. నలుగురు చూస్తుంటే మొత్తం పారబోశారు. ఎవరూ చూడనప్పుడు సగం పారబోయలేకపోతున్నారు. మరదల్ని కాబట్టి అన్నాను. వేరేవాళ్ళు మీ వెనకాల అంటారు.

తొమ్మిది గిన్నెల్లో ఎనిమిది వదిలేయండి. ఒక్కటి ఉంచుకోండి. ఒక వంతు పాతది, ఒక వంతు పిండి, ఒక వంతు నీళ్ళు. పొద్దున, సాయంత్రం. బుధవారమూ, శుక్రవారమూ.

మరదలు


నవంబరు 28, గురువారం

మరదలికి బావ రాస్తున్నది.

జాడీ కడిగాను. మసిలే నీళ్ళతో మూడుసార్లు. మూత మెలికలో గుడ్డ చుట్టిన పుల్లతో తిప్పి తీశాను. తాళాల పని చేసేవాణ్ణి, సందుల్లో ఏదీ వదలను. నీ ఉత్తరం అందాక వెలుతురులోకి తీసుకెళ్ళి భూతద్దం పెట్టి చూశాను. ఏమీ లేదు. అప్పటి నుంచి అలమరాలో బోర్లించే ఉంది. శుభ్రంగా ఉందని నీకు రాశాను. అంత శుభ్రమైన పాపం నేను ఇంకోటి చేయలేదు.

సోమవారం ఎనిమిది గిన్నెలు పారబోశాను. ఒక్కొక్కటీ తూము దాకా తీసుకెళ్ళి, వెనక్కి తెచ్చి, మళ్ళీ తీసుకెళ్ళాను. నువ్వన్నది నిజం, వంటగదిలో నేను తప్ప ఎవరూ లేరు.

నిన్న బుధవారం. పొద్దున సీసా ముందు నిలబడ్డాను. పిండిపెట్టెకు తాళం. దాన్ని చేసిందే నేను. సన్నటి తీగముక్క ఉంటే కళ్ళు మూసుకుని తీయగలను, ఎవరికీ తెలియదు. తీగ చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ దాక్కోవడమే కదా అనిపించి, కింద పడేసి చెప్పులేసుకున్నాను.

దర్జీ కొట్లో నలుగురున్నారు. ఒకాయనకు చంక కొలత తీస్తున్నారు.

“తాళంచెవి ఇవ్వు,” అన్నాను.

“ఇవాళ బుధవారం అయ్యా.”

“తెలుసు. ఇంట్లో ఆకలితో ఒక ప్రాణి ఉంది.”

“ఎవరొచ్చారు?”

“పులిపిండి,” అన్నాను. “నేను పారబోసింది మా అత్తగారిది. నోటి దూకుడు కొద్దీ పారబోశాను. ఇప్పుడు చేస్తున్నది నాది. దానికి ఉపవాసం పెట్టి చంపుతున్నాను.”

చంక కొలత ఇస్తున్నాయన చెయ్యి ఎత్తి అలాగే ఉండిపోయాడు. దర్జీ సూది నోట్లోంచి తీశాడు. మేకు మీది తాళంచెవి అందుకుని నా అరచేతిలో పెట్టి, “ఇక ఇది ఇక్కడ తగిలించకండి అయ్యా, నాకూ దాన్ని చూస్తే ఆకలేస్తోంది,” అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

నేను ఉపవాసం ఉన్నాను. దాన్ని మేపాను.

ఈ ఉదయం రెండింతలైంది. గీత పెట్టి చూశాను. నిండా బుడగలు, వాసన మారింది, మాగిన పండులా ఉంది. ఎవరికీ చెప్పలేదు. మొదటిసారిలా దొంగ పొంగేమో నాకెలా తెలుస్తుంది? లేఖనాల్లో, దేవుని చేత ఉన్ని మీద మంచు కురిపించి, మళ్ళీ నేల మీద కురిపించి, రెండుసార్లు పరీక్షించుకున్నవాడు ఒకడున్నాడు. అలాంటి పరీక్ష దీనికి ఉంటే రాయి.

రేపటికి నలభై రోజులు. లెక్క గుర్తుచేయడం లేదు. తేదీ రాశానంతే.

బావ


డిసెంబరు 1, ఆదివారం

బావగారికి, ఈసారి కుడి చేత్తో.

కట్టు విప్పారు. చెయ్యి వడలిన ముల్లంగిలా ఉంది గాని కదులుతోంది.

పరీక్ష సులువు. పొంగి నిండుగా ఉన్నప్పుడు ఒక చెంచాడు తీసి గ్లాసు నీళ్ళలో వదలండి. తేలితే అసలుది. మునిగితే ఇంకో నాలుగు రోజులు నోరు మూసుకుని మేపండి. నోరు మూసుకుని అన్నది పులిపిండి సూత్రమే, మీ గురించి కాదు. ఈసారి ముందే చెబుతున్నాను.

జాడీ కడిగారన్నది చెప్పాను. “కడిగే ఉంటాడు,” అంది అక్క. ఆ సాయంత్రం ఏమీ తినలేదు. ఉపవాసం రోజు కూడా కాదు.

మీ దర్జీ కొట్టు కథ చదివితే మాత్రం రెండుసార్లు చదివించుకుంది. చెయ్యి ఎత్తి నిలబడినాయన దగ్గర పెదవి కాస్త కదిలింది. అది నవ్వేనా అని నన్నడగకండి. తరవాత చాలాసేపటికి, ట్రేలు తుడుస్తూ, అడగకుండానే చెప్పింది.

“మంగళవారం, గురువారం సాయంత్రం, తాళం పడకముందే, గరిటెడు పిండి చిన్న సత్తు గిన్నెలో తీసి ఉప్పు డబ్బా వెనక పెట్టేదాన్ని. మర్నాడు ఆయన ప్రార్థనలో ఉన్నప్పుడు జాడీలో వేసేదాన్ని.”

“ముప్పై ఏళ్ళా?” అన్నాను.

“వారానికి రెండు గిన్నెలు. నువ్వే లెక్కేసుకో.”

“బావకు ఎప్పుడూ చెప్పలేదా?”

“చెబితే దాని మీద కూడా ప్రసంగం చేస్తాడు,” అంది.

నా ఈస్టు కొంచెం పట్టుకెళ్ళు, రొట్టెకు ఇబ్బంది ఉండదన్నాను. వద్దంది. “ఆయన చేసిందేదో చూస్తాను,” అంది. ఏ గొంతుతో అందో రాయడం నాకు చేతకాదు. కోపం కాదు. కోపం లేకపోవడమూ కాదు.

బుధవారం సాయంత్రం బస్సుకు వస్తోంది. మీకు రాయొద్దంది. రాశాను. బుధవారం కదా అని గుమ్మంలోనే ఉపవాసం మాట ఎత్తకండి.

మరదలు


డిసెంబరు 5, గురువారం

మరదలికి బావ రాస్తున్నది.

చెంచాడు తీసి నీళ్ళలో వదిలాను. తేలింది. వచ్చే ఆదివారం ప్రసంగంలో దాని మాట ఎత్తను.

నిన్న చీకటి పడుతుండగా మీ అక్క వచ్చింది. సంచీ దించింది. చెప్పులు విడిచి నేరుగా వంటగదిలోకి నడిచింది. నేను గుమ్మంలో నిలబడ్డాను, జ్వరమొచ్చినప్పుడు నిలబడినట్టే. ఆ సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చి, లోపలికి వెళ్ళాను.

సీసా మూత తీసి వాసన చూసింది. గరిటె అందుకుని, సగం తీసి తూములో పారేసింది. అంత తేలిగ్గా పారేయడం నేను ఎప్పుడూ చూడలేదు. చూడలేదో, చూసే వేళకు ప్రార్థనలో ఉన్నానో.

తాళంచెవి నా జేబులో ఉంది. పిండిపెట్టె తెరిచే ఉంది. కానీ ఆవిడ పెట్టె వైపు చూడలేదు. బుధవారం కదా, అలవాటుగా చెయ్యి ఉప్పు డబ్బా వెనక్కి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగింది.

గిన్నె నిండుగా ఉంది. మంగళవారం సాయంత్రం నేను తీసి పెట్టాను. గరిటెడే.

గిన్నె బయటికి తీసి దీపం కింద పట్టుకుని చూసింది. తరవాత నన్ను చూసింది.

“ఇది ఆ విధవరాలు పెట్టిందా?” అంది.

నేను నీళ్ళ చెంబు అందించాను. నోరు విప్పి ఉంటే పాడయ్యేది. ఆవిడ పిండి వేసింది, నీళ్ళు పోసింది, కలిపింది. శాలువా మీద పడిన పిండి దులిపి, మడతపెట్టి నా చేతికిచ్చింది. పడుకుంది.

మీ అమ్మగారిది తిరిగి రాదు. అది నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. ఇవాళ పొద్దున లేచి చూస్తే, ఇన్నాళ్ళూ అలమరాలో బోర్లించి ఉన్న జాడీ వెల్లకిలా ఉంది. మూత పక్కన తీసి పెట్టి ఉంది. లోపల ఖాళీ. సీసాలోది సీసాలోనే ఉంది. అడుగుదామనుకుంటే ఆవిడ రొట్టె పిండి పిసుకుతోంది, వీపు నా వైపు తిరిగి ఉంది.

దానికి అర్థమేమిటో లేఖనాల్లో వెతికాను. దొరకలేదు. నువ్వు ఆవిడ చెల్లెలివి. నీకేమైనా తెలిస్తే రాయి. తొందర లేదు, సాయంత్రం నేను మళ్ళీ సీసాలోదాన్ని మేపాలి.

బావ